శాఖా గ్రంథాలయంలో పట్టపగలే మాయమైన ర్యామ్: పాఠకుల కంప్యూటర్లను కాపాడుకోవడం ఎలా?

శాఖ_గ్రంథపాలకురాలు (తిరుపతి)
శనివారం, మధ్యాహ్నం 12:10

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలోని ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. శాఖ పేరు చెప్పడం బాగుండదు కనుక చెప్పడం లేదు. పాఠకుల కోసం మాకు ఆరు కంప్యూటర్లున్నాయి. గురువారం సాయంత్రం కరెంటు వస్తూ పోతూ ఉండడంతో రెండింటిని మాత్రమే నడిపి, మిగిలిన నాలుగింటిని ఆపి ఉంచాను. శుక్రవారం మాకు సెలవు. ఈ ఉదయం ఎనిమిదింటికి వచ్చి అన్నిటికీ స్విచ్చులు వేస్తే, ఆ నాలుగింటిలోనూ ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయి లోపలి నుంచి ఆగి ఆగి బీప్ శబ్దం వస్తోంది.

మెకానిక్‌ను పిలిపించి పెట్టెలు విప్పిస్తే నాలుగింటిలోనూ ర్యామ్, అంటే కంప్యూటర్ నడవడానికి కావలసిన మెమరీ పలక, లేదు. తలుపు తాళం, కిటికీ ఊచలు చెక్కుచెదరలేదు. కాబట్టి ఇది రాత్రి గోడ దూకి వచ్చినవాడి పని కాదు. గురువారం నేను కౌంటర్లో కూర్చుని ఉండగానే, బల్లల కింద నేల మీద ఉన్న సిపియులను ఎవరో తీరిగ్గా విప్పారు. పక్క పలకల మీద ఏడాదిగా పేరుకున్న దుమ్ములో వేళ్ల అచ్చులు స్పష్టంగా కనబడుతున్నాయి. విప్పిన ఎనిమిది స్క్రూలనూ ఒక కీబోర్డు కింద వరసగా పేర్చి మరీ వెళ్లాడు. ఆ పొందిక చూసి కోపం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది.

ఈ సామానంతా నా ఛార్జిలో ఉంది. కంప్యూటర్ల గదికి తాళం వేసి, అడిగినవారికి మాత్రమే తెరిస్తే సరిపోతుందని తోటి ఉద్యోగులు సలహా ఇస్తున్నారు. అలా చేయడం నాకు ఇష్టం లేదు, కానీ మళ్లీ పోతే నా జీతంలోంచి రికవరీ పెడతారేమోనన్న భయమూ ఉంది. తక్కువ ఖర్చుతో ఏం చేయవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

స్క్రూడ్రైవర్_చిత్తూరు
శనివారం, మధ్యాహ్నం 1:35

మేడమ్, నేను చిత్తూరులో కంప్యూటర్ల రిపేరు చేస్తాను. పాఠశాలలు, కార్యాలయాల పని ఎక్కువగా వస్తుంది కాబట్టి ఇలాంటివి చూశాను. దొంగ ర్యామ్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అది 13 సెంటీమీటర్లకు కాస్త పైన పొడవుండే సన్నటి పలక, చొక్కా లోపల పెట్టుకుంటే ఎవరికీ కనిపించదు. రెండు చివర్ల క్లిప్పులు నొక్కితే పైకి లేచి వస్తుంది, దానికి పది సెకన్లు చాలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో పాతదానికి కూడా గిరాకీ వచ్చింది. మానిటర్‌ను ఎత్తుకుపోతే వీధి అంతా చూస్తుంది, ర్యామ్‌ను ఎవరు చూస్తారు?

ముందుగా ఒక చిన్న మాట. మిగిలిన రెండు కంప్యూటర్లలో రెండేసి ర్యామ్ పలకలుంటే, ఒక్కొక్కటి తీసి మరో రెండింటికి పెట్టవచ్చు. వేగం కొంత తగ్గినా, ఆరింటిలో నాలుగు సోమవారానికల్లా నడుస్తాయి.

ఇక నివారణ విషయం. చాలా సిపియులకు పక్క పలకను చేతితో తిప్పే రెండు స్క్రూలే పట్టి ఉంచుతాయి, అవి మెకానిక్‌ల సౌకర్యం కోసం పెట్టినవి. మీవి కార్యాలయాల కోసం తయారైన మోడళ్లైతే వెనకవైపు చూడండి. పలకను, పెట్టెను కలిపి ఒక చిన్న ఇనుప కొక్కెం బయటికి వచ్చి ఉంటుంది. పెట్టెలో ఎన్నేళ్లుగానో అది ఖాళీగా ఉంటుంది, ఎందుకుందో ఎవరూ అడగరు. అందులో సన్నకాడ తాళంకప్ప వేస్తే పలక జరగదు. దాని పక్కనే 7 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి గాడి ఉంటుంది. కెన్సింగ్టన్ సంస్థ 1990ల మొదట్లో తెచ్చిన ఆ గాడిలో ఉక్కు తీగ తాళం దూర్చి తిప్పితే పెట్టెను బల్ల కాలికి కట్టేయవచ్చు. మానిటర్ల వెనక కూడా అదే గాడి ఉంటుంది. కొక్కెం లేని చవక పెట్టెలకు, నడుమ పుల్ల ఉన్న నక్షత్రపు తల స్క్రూలు దొరుకుతాయి, వాటిని విప్పే పనిముట్టు సాధారణంగా జేబుల్లో ఉండదు.

ఒక హెచ్చరిక. ప్లాస్టిక్ ఒంటికి ఉన్న గాడిని నమ్మవద్దు, గట్టిగా గుంజితే గాడితో సహా ఊడివస్తుంది. ఉక్కు తీగ కూడా పెద్ద కట్టర్‌కు తెగుతుంది. తాళం పని దొంగను పూర్తిగా ఆపడం కాదు, పది సెకన్ల పనిని పది నిమిషాల పనిగా మార్చడం. మీరు కౌంటర్లో ఉన్నప్పుడు పది నిమిషాలు బల్ల కింద వంగి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు.

కపిలతీర్థం_రోడ్డు
శనివారం, మధ్యాహ్నం 2:02

ఇంత శ్రమ ఎందుకు? నాలుగు సిసి కెమెరాలు పెట్టిస్తే విషయం అక్కడితో తేలిపోతుంది.

స్క్రూడ్రైవర్_చిత్తూరు
శనివారం, మధ్యాహ్నం 2:20

కెమెరా వద్దనను. కానీ పైకప్పు మూలన పెట్టిన కెమెరాకు బల్ల పైభాగం, కూర్చున్నవారి నడినెత్తి మాత్రమే కనబడతాయి, బల్ల కింద చేతులు ఏం చేస్తున్నాయో కనబడదు. నిల్వ నిండాక పాత దృశ్యాలపై కొత్తవి పడతాయి. నెలకోసారి మాత్రమే వాడే కంప్యూటర్లో దొంగతనం జరిగితే, తెలిసేసరికి ఆ రోజు దృశ్యం ఉండదు. నేను చూసిన ఒకచోట దృశ్యాలు నిల్వచేసే పెట్టెనే ముందు ఎత్తుకుపోయారు, ఎందుకంటే అది కంప్యూటర్ల గదిలోనే టీవీ కింద బహిరంగంగా ఉంది. దాన్ని వేరే గదిలో బీరువాలో పెట్టి, గాలి ఆడేలా చూడాలి.

డీఎస్సీ_పాఠకురాలు (కొర్లగుంట)
శనివారం, సాయంత్రం 4:48

నేను ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతూ గ్రంథాలయాల్లోనే ఎక్కువ సమయం గడుపుతాను. అందుచేత పాఠకుల వైపు నుంచి రెండు మాటలు చెప్పదలచుకున్నాను. మేడమ్, దయచేసి గదికి తాళం వేయకండి. ఇంతకుముందు నేను వెళ్లిన ఒక గ్రంథాలయంలో ఐదు కంప్యూటర్లను నీలిరంగు కవర్లు కప్పి, అద్దాల తలుపు వెనక ఉంచారు. వాటిని వాడాలంటే ముందు దరఖాస్తు రాసి, పెద్దసారు సంతకం తేవాలి. రెండేళ్లలో వాటి మీద ఎవరైనా ఒక్క ముక్క టైపు చేయగా నేను చూడలేదు. అక్కడ ఒక్క మౌస్ కూడా పోలేదు, నిజమే. కానీ ఆ ఐదు కంప్యూటర్లూ ఉండి ఎవరికి ఉపయోగపడ్డాయి? మా ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. దొంగ తీసుకుపోయినా, కవరు కింద ముసలిదైపోయినా, హాల్‌టికెట్ కోసం నెట్ సెంటర్లో పేజీకి ఇంతని చెల్లించేది మేమే.

ఇంకో సంగతి. మా ఆధార్ ప్రతులు, పదో తరగతి మార్కుల జాబితా, ఫోటో, సంతకం అన్నీ ఆ కంప్యూటర్లలోనే ఎక్కిస్తాం. తుడిచేశామనుకుంటాం, డౌన్‌లోడ్‌ల ఫోల్డర్‌లో మిగిలే ఉంటాయి. ఈసారి ర్యామ్ పోయింది కాబట్టి సరిపోయింది. హార్డ్‌డిస్క్ పోయి ఉంటే ఎంతమంది వివరాలు బయటికి వెళ్లేవో ఆలోచించండి.

విశ్రాంత_ఆడిటర్
శనివారం, రాత్రి 8:15

అమ్మాయి చెప్పిన మాటలో అసలు విషయం ఉంది. ముప్పై ఏళ్లు లెక్కల తనిఖీలో గడిపినవాడిగా ఒప్పుకుంటున్నాను, ఆ నీలిరంగు కవర్లు కప్పించింది ఒక రకంగా మేమే.

పుస్తకాలు పోతాయని ప్రభుత్వానికి తెలుసు. కేంద్ర ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఏడాదిలో పాఠకులు తీసుకున్న లేదా చూసిన పుస్తకాల్లో వెయ్యికి ఐదు సంపుటాల వరకు పోవడం సహజమేనని అంగీకరిస్తారు. అందులో ఉద్యోగి అక్రమం గానీ నిర్లక్ష్యం గానీ ఉండకూడదు, వెయ్యి రూపాయలకు పైబడిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇవి కేంద్ర కార్యాలయాల నియమాలు, మనకు రాష్ట్ర నియమావళి, సంస్థ ఉత్తర్వులు వేరుగా ఉంటాయి. అయినా ఆ దృష్టి గమనించదగినది. తెరిచి ఉంచిన గ్రంథాలయంలో కొంత నష్టం ఉంటుందని, దానికి ఉద్యోగిని బలి చేయకూడదని ఎవరో ఆలోచించి రాశారు. కంప్యూటర్ల విషయంలో అలాంటి వెసులుబాటు లేదు. అవి ఫిక్స్‌డ్ అసెట్స్ పద్దు కింద ఏటా లెక్క చూడవలసిన వస్తువులు, ఆరు ఉండాలంటే ఆరూ ఉండాలి. అందుకే గ్రంథపాలకులు పుస్తకాన్ని ధైర్యంగా ఇస్తారు, మౌస్‌ను బీరువాలో పెడతారు.

కాబట్టి మేడమ్ గారూ, మిమ్మల్ని తాళం కన్నా ముందు కాగితం కాపాడుతుంది. సోమవారం దాకా ఆగకుండా రేపే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. పోయినవి నాలుగు పలకలే కదా అని వదిలేస్తే, వచ్చే ఏడాది తనిఖీలో ఎప్పుడు పోయాయో చెప్పలేక మీరే ఇరుక్కుంటారు. భారతీయ న్యాయ సంహితలో సాధారణ దొంగతనం 303వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ లేదా స్థానిక సంస్థల ఆస్తి దొంగతనాన్ని 305వ సెక్షన్‌లో విడిగా చేర్చారు, దానికి శిక్ష ఏడేళ్ల వరకు ఉండవచ్చు. ఏ సెక్షన్ పెట్టాలన్నది పోలీసులు చూసుకుంటారు. ఆస్తి ఎవరిదో, ఏ పద్దు కింద కొన్నారో, స్టాక్ రిజిస్టర్లో ఏ పేజీలో ఉందో మీరు స్పష్టంగా రాయండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లోగా స్వయంగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నష్టాన్ని లెక్కల్లోంచి తొలగించాలంటే ఆ ప్రతే ఆధారం.

మరో రెండు జాగ్రత్తలు. సిపియుల పక్క పలకల మీది దుమ్ము తుడవనివ్వకండి. చిత్తూరు మిత్రుడు చెప్పినట్టు ర్యామ్‌ను ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి మార్చడం మంచి ఉపాయమే కానీ, ఫిర్యాదు ఇచ్చాక, ఏ సిపియులోంచి తీసి ఏ సిపియులో పెట్టారో తేదీతో రిజిస్టర్లో రాసి సంతకం చేశాకే మార్చండి. లేకపోతే రేపు ఆరింటిలోనూ మాయం చేశారని రాసే ఆడిటర్ ఎవరో ఒకరు ఉంటారు.

శాఖ_గ్రంథపాలకురాలు (తిరుపతి)
శనివారం, రాత్రి 9:30

దుమ్ము సగం ఇప్పటికే పోయింది సర్, మెకానిక్ విప్పేటప్పుడు తన చేతిగుడ్డతో తుడిచేశారు. దుమ్ము మిగిలి ఉన్న రెండు పక్క పలకలను విడిగా తీసి, కాగితం చుట్టి పెట్టాను. రేపు ఉదయమే స్టేషన్‌కు వెళతాను.

స్టాక్ రిజిస్టర్ చూశాను. "కంప్యూటర్లు, ఆరు, సంపూర్ణం" అని ఒక్క వరుసలో ఉంది. వరస సంఖ్యలు గానీ, లోపల ఎంత ర్యామ్ ఉందో గానీ ఎక్కడా రాయలేదు. ఛార్జి తీసుకున్నప్పుడు లెక్కపెట్టి సంతకం చేసింది నేనే.

ఈసీఈ_మాస్టారు
ఆదివారం, ఉదయం 10:05

నేను ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను, ప్రయోగశాల బాధ్యత కూడా నాదే. దొంగిలించడానికి అందులో ఏమీ లేకుండా చేయడమే మంచి మార్గమని నా అభిప్రాయం. బల్లల మీద హార్డ్‌డిస్క్ లేని చిన్న టెర్మినళ్లు మాత్రమే ఉంచి, అసలు వ్యవస్థ, ఫైళ్లు అన్నీ తాళం వేసిన గదిలోని ఒక సర్వర్ మీద ఉండేలా చేయవచ్చు. లినక్స్‌లో దీనికి ఎల్‌టిఎస్‌పి అనే ఉచిత ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా ఉంది. పాఠకుల కాగితాలేవీ బల్ల మీది పెట్టెలో ఉండవు కాబట్టి డీఎస్సీ పాఠకురాలు గారు చెప్పిన భయం కూడా తీరుతుంది. చిన్న పెట్టెను మానిటర్ వెనక ఉండే 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరంలోని నాలుగు స్క్రూ రంధ్రాలకు బిగించేస్తే నేల మీద ఏమీ ఉండదు.

రెండోది, కంప్యూటర్ ఆపి ఉన్నా ప్లగ్గులో కరెంటు ఉంటే, తగిన అమరిక చేసినప్పుడు నెట్‌వర్క్ తీగ జీవంతోనే ఉంటుంది. ఎవరైనా తీగ ఊడదీస్తే, ఆ తీగలన్నీ కలిసే పెట్టె (నెట్‌వర్క్ స్విచ్) వెంటనే గుర్తించి ఫోనుకు సందేశం పంపేలా చేయవచ్చు.

ఎవరైనా పుస్తకాలకు పెట్టే ఆర్‌ఎఫ్‌ఐడి గేటు (పుస్తకానికి అతికించిన బిళ్లను రేడియో తరంగాలతో గుర్తించే గేటు) సంగతి ఎత్తుతారేమోనని ముందే చెబుతున్నాను, అది ఇక్కడ అక్కరకు రాదు. గ్రంథాలయాల్లో వాడేది 13.56 మెగాహెర్ట్జ్ బిళ్ల. దాన్ని ఇనుప పెట్టెకు అతికిస్తే లోహం వల్ల సంకేతం దెబ్బతింటుంది.

స్క్రూడ్రైవర్_చిత్తూరు
ఆదివారం, ఉదయం 11:40

మాస్టారు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. సిపియును ఎత్తుకుపోవాలంటే ఆటో కావాలి, చిన్న టెర్మినల్‌కు టిఫిన్ క్యారియర్ సంచి చాలు. దాని లోపల విలువైనది ఏమీ లేదని మనకు తెలుసు, దొంగకు అమ్మబోయినప్పుడు కదా తెలిసేది. అప్పటికి మన బల్ల ఖాళీ. పైగా సర్వర్ ఆగితే ఆరు తెరలూ ఒకేసారి ఆగుతాయి, దాన్ని బాగుచేసేవారు మీ కళాశాలలో ఉంటారు గానీ శాఖా గ్రంథాలయంలో ఉండరు.

తీగ ఊడితే సందేశం రావడం బాగానే ఉంది. అయితే ర్యామ్ తీస్తే తీగ ఊడదు. సాయంత్రం వెళ్లేటప్పుడు ఉరుములకు భయపడి గోడ దగ్గరి మెయిన్ ఆపేసి వెళ్లే అలవాటు మన ప్రాంతంలో అందరికీ ఉంది, అప్పుడు ఆరు సందేశాలూ రోజూ వస్తాయి. పది రోజులు చూసి మేడమ్ గారు ఆ సందేశాలను మూయించేస్తారు.

ఈసీఈ_మాస్టారు
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ర్యామ్ సంగతి నిజమే, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. అయితే పాఠకుల కాగితాల విషయంలో మీరు నన్ను కాదనలేరు. టెర్మినళ్లు వద్దనుకుంటే కనీసం రెండు పనులు చేయాలి. పాఠకులకు అతిథి ఖాతా మాత్రమే ఇచ్చి, బయటికి రాగానే అందులోనివన్నీ వాటంతటవే చెరిగిపోయేలా అమర్చాలి. డిస్క్‌ను సంకేతబద్ధం (ఎన్‌క్రిప్ట్) చేయాలి, అప్పుడు అది పోయినా లోపలివి చదవడం సాధ్యం కాదు. కంప్యూటర్ మొదలవగానే ముందుగా నడిచే బయోస్‌కు సంకేతపదం (పాస్‌వర్డ్) పెట్టడం మంచిదే గానీ దాన్ని ఎక్కువగా నమ్మకూడదు, చాలా పాత డెస్క్‌టాప్‌లలో లోపలి నాణెం బ్యాటరీ తీసి పెడితే అది పోతుంది.

పుత్తూరు_చదువరి
ఆదివారం, మధ్యాహ్నం 3:22

మీరంతా కంప్యూటర్ల గురించే మాట్లాడుతున్నారు. మా వైపు ఒకచోట యుపిఎస్ బ్యాటరీలు పోయాయి, వరండాలో చెక్క స్టాండు మీద ఉండేవి. వాటిలో సీసం ఉంటుంది కాబట్టి పాత ఇనుము దుకాణంలో తూకానికి పోతాయి, నంబరు అడిగేవాడు ఉండడు. కంప్యూటర్లకు తాళాలు వేసి బ్యాటరీలను బయట వదిలేయకండి. వాటిని గ్రిల్‌లో పెట్టినా గాలి ఆడాలి, ఛార్జింగ్ అవుతున్నప్పుడు వాటి నుంచి మండే వాయువు వస్తుంది.

స్క్రూడ్రైవర్_చిత్తూరు
ఆదివారం, మధ్యాహ్నం 3:50

మంచి మాట గుర్తు చేశారు. గాలి సంగతి సిపియులకు కూడా వర్తిస్తుంది. ఒక కార్యాలయంవారు నన్ను అడగకుండా వెల్డింగ్ షాపులో ఇనుప రేకు పెట్టెలు చేయించి, సిపియులను అందులో బిగించి, వెనక తీగలకు ఒక్క రంధ్రం మాత్రం ఉంచారు. మే నెలలో మన ఎండ సంగతి తెలిసిందే కదా. వారం తిరగకుండా రెండింటి పవర్ సప్లైలు కాలిపోయాయి. దొంగ నుంచి కాపాడి ఎండకు అప్పగించారు. చేయిస్తే ముందు, వెనక రెండువైపులా జల్లెడ రేకుతో చేయించాలి, పవర్ బటన్‌కు వేలు అందాలి, పెన్‌డ్రైవ్ పెట్టే చోటు తెరిచి ఉండాలి. లేకపోతే పాఠకులు రోజుకు పదిసార్లు తాళం తీయమంటారు, చివరికి ఆ తాళం తీసే ఉంటుంది.

పాత_నెట్‌సెంటర్ (బాలాజీ కాలనీ)
ఆదివారం, రాత్రి 7:10

నేను 2003 ప్రాంతంలో పది కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు వేరే వ్యాపారం. ఈ చర్చ చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో మౌస్ అడుగున రబ్బరు పూసిన ఉక్కు బంతి ఉండేది. అడుగున ఉన్న చక్రాన్ని తిప్పితే బంతి చేతిలోకి వస్తుంది. పిల్లలకు అది ఆడుకునే వస్తువు. వారానికి రెండు మూడు బంతులు పోయేవి, బంతి లేని మౌస్‌ను చేతిలో పట్టుకుని కొత్త గిరాకీ "అన్నా, బాణం కదలడం లేదు" అని పిలిచేవాడు. విసుగొచ్చి చక్రాలన్నిటినీ జిగురుతో అతికించాను. నెల తిరిగేసరికి లోపలి రోలర్లకు మురికి పట్టి, శుభ్రం చేసే దారి లేక, పది మౌస్‌లనూ నేనే పారేశాను. దొంగలు నాకు అంత నష్టం ఎప్పుడూ చేయలేదు.

రెండు పద్ధతులు మాత్రం నాకు బాగా పనికొచ్చాయి. మొదటిది కూర్చునే తీరు. మొదట్లో గిరాకీల ఏకాంతం కోసమని ప్లైవుడ్ గదులు కట్టాను, దొంగతనాలన్నీ వాటిలోనే జరిగేవి. ఆ తర్వాత గదులు పీకేసి, తెరలన్నీ నా కౌంటర్ వైపు తిప్పి, సిపియులను నేల మీద నుంచి తీసి బల్ల మీదికి ఎక్కించాను. 2011లో వచ్చిన సైబర్ కెఫేల నియమాలు కూడా అదే చెప్పాయి. అడ్డుగోడలు నాలుగున్నర అడుగులకు మించకూడదు, గదులు లేని చోట తెరలు అందరికీ కనబడే ఖాళీ స్థలం వైపు తిరిగి ఉండాలి, వచ్చినవారి వివరాల రిజిస్టర్ కనీసం ఏడాది దాచాలి. గ్రంథాలయాన్ని సైబర్ కెఫే అనమని నేననను, ఆ నాలుగున్నర అడుగుల లెక్కను మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

రెండోది, మౌస్ బల్ల మీద ఉండదు. గిరాకీ వచ్చి గుర్తింపు కార్డు ఇస్తే, దానికి బదులుగా నంబరు వేసిన మౌస్ ఇచ్చేవాణ్ని. మూడో నంబరు మౌస్ అంటే మూడో కంప్యూటర్. మౌస్ తిరిగి ఇస్తేనే కార్డు. వెళ్లేటప్పుడు మనిషి నా ముందుకు రాక తప్పదు, ఆ క్షణంలో నేను ఒకసారి తల ఎత్తి మూడో కంప్యూటర్ వైపు చూస్తాను.

డీఎస్సీ_పాఠకురాలు (కొర్లగుంట)
ఆదివారం, రాత్రి 7:45

ఈ మౌస్ పద్ధతి నాకు నచ్చింది. సంచులు వెతికించుకోవడం కన్నా ఎంతో మర్యాదగా ఉంది. మా స్నేహితురాలిని ఒకచోట వాచ్‌మన్ అందరి ముందు సంచి బోర్లించమన్నాడు, ఆమె ఆ తర్వాత అటు వెళ్లడమే మానేసింది. ఒక్క అనుమానం. ఆధార్ కార్డు అసలు ప్రతిని కౌంటర్లో వదలడం మంచిది కాదు, గ్రంథాలయ సభ్యత్వ కార్డు చాలదా?

పాత_నెట్‌సెంటర్ (బాలాజీ కాలనీ)
ఆదివారం, రాత్రి 8:00

సభ్యత్వ కార్డే మేలమ్మా. నా రోజుల్లో అది లేక వేరేవి తీసుకున్నాను.

కపిలతీర్థం_రోడ్డు
ఆదివారం, రాత్రి 8:20

ఇంట్లోంచి సొంత మౌస్ తెచ్చుకుంటే?

పాత_నెట్‌సెంటర్ (బాలాజీ కాలనీ)
ఆదివారం, రాత్రి 8:31

తెచ్చుకుంటాడు. అప్పుడు కౌంటర్లో ఐదో నంబరు మౌస్ ఉండగానే ఐదో కంప్యూటర్ ముందు మనిషి కనబడతాడు. దొంగతనం చేయాలనుకున్నవాడు తనమీదికి తానే చూపు తెచ్చుకోవడం అంటే అదే కదా.

శాఖ_గ్రంథపాలకురాలు (తిరుపతి)
నాలుగు వారాల తర్వాత, శనివారం, మధ్యాహ్నం 12:40

చాలామంది ఏమైందని అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదు ఇచ్చాను, ఎఫ్ఐఆర్ ప్రతి తీసుకుని నివేదికతో పాటు పైకి పంపాను. పోయిన ర్యామ్ దొరకలేదు, దొరుకుతుందన్న ఆశా నాకు లేదు. ఆడిటర్ గారు చెప్పినట్టు రాసి, సంతకం చేసి, ఉన్నదాన్నే సర్దడం వల్ల నాలుగు కంప్యూటర్లు నడుస్తున్నాయి.

స్టాక్ రిజిస్టర్లో పాత వరుసను కొట్టేయకుండా, కింద ఒక్కో సిపియుకు ఒక్కో పేజీ తెరిచాను. వరస సంఖ్య, డిస్క్ సంఖ్య, ర్యామ్ పరిమాణం, పలకలెన్ని, చివరికి స్క్రూలెన్ని అన్నది కూడా రాశాను. ప్రతి పెట్టె లోపలి భాగాన్ని ఫోటో తీసి, ఆ పేజీకి అతికించాను. మానిటర్ల వెనక, సిపియుల పక్కన శాఖ పేరు, సంఖ్య చెక్కించాను. స్టిక్కరైతే గోటితో వస్తుంది, చెక్కినది రాదు, అలాంటిదాన్ని కొనడానికి సెకండ్ హ్యాండ్ దుకాణదారు కూడా జంకుతాడని చిత్తూరు మిత్రులు ఫోరంలో విడిగా సందేశం పంపారు.

వెనక కొక్కేలు నిజంగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను వాటిని గమనించనే లేదు. ఆరింటికీ తాళంకప్పలు వేశాను. బల్లలను గోడవైపు నుంచి తిప్పి, తెరలు కౌంటర్‌కు కనబడేలా పెట్టడానికి ఒక ఆదివారం పట్టింది, తీగలు చాలక కొత్తవి కొనవలసి వచ్చింది. బ్యాటరీలను వరండాలోంచి లోపలికి మార్చి, జల్లెడ తలుపున్న ఇనుప స్టాండులో పెట్టాను. కెమెరా ఇంకా రాలేదు, ఇండెంట్ పెట్టాను.

మౌస్‌లకు ఎర్ర గోళ్లరంగుతో నంబర్లు వేశాను. మొదటి వారం పాఠకులు నవ్వారు. రెండో వారం ఒక పెద్దాయన మౌస్ జేబులో వేసుకుని మరిచిపోయి ఇంటికి వెళ్లి, కార్డు కోసం సాయంత్రం తిరిగి వచ్చి, జేబులోంచి రెండో నంబరు తీసి బల్ల మీద పెట్టి సిగ్గుపడ్డారు. గదికి తాళం వేయలేదు. గురువారం సాయంత్రం నాలుగు కంప్యూటర్ల దగ్గరా మనుషులుండి, ఇద్దరు వంతు కోసం బయట బెంచీ మీద కూర్చున్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. ఆరు తాళంకప్పల చెవులూ ఒకే గుత్తికి ఉన్నాయి. నేను సెలవు పెడితే అది ఎవరి దగ్గర ఉండాలి? అవుట్‌సోర్సింగ్ అబ్బాయికి ఇస్తే, ఏదైనా జరిగినప్పుడు ముందుగా అతన్నే అనుమానిస్తారు. ఆ అబ్బాయిని ఆ స్థితిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

విశ్రాంత_ఆడిటర్
శనివారం, మధ్యాహ్నం 1:25

ఇవ్వకండి. పాఠకులు కంప్యూటర్ వాడుకోవడానికి ఆ చెవులతో పనిలేదు, రిపేరుకు మాత్రమే కావాలి. కాబట్టి మీరు సెలవులో ఉన్నరోజు అవి బయట ఉండవలసిన అవసరమే లేదు. ఒక గుత్తిని మీ బీరువాలో పెట్టండి. రెండో గుత్తిని కవరులో వేసి, లక్క ముద్ర వేసి, అతుకు మీద సంతకం చేసి మీ పై కార్యాలయానికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. పెట్టె తెరిచిన ప్రతిసారీ తేదీ, కారణం, మెకానిక్ పేరు, లోపల చూసిన ర్యామ్ పలకల సంఖ్య ఆ సిపియు పేజీలోనే రాయించి, అతనితో సంతకం పెట్టించండి.

స్క్రూడ్రైవర్_చిత్తూరు
శనివారం, మధ్యాహ్నం 1:40

మెకానిక్ సంతకం తప్పకుండా పెట్టించండి మేడమ్. నేనైనా సరే, పెట్టించాకే పెట్టె మూయనివ్వండి.

శాఖ_గ్రంథపాలకురాలు (తిరుపతి)
శనివారం, సాయంత్రం 4:05

లక్క ఎక్కడ దొరుకుతుందో తపాలా కార్యాలయం దగ్గర అడిగి వచ్చాను. గాంధీ రోడ్డులో ఉందట. సోమవారం కవరు పంపుతాను.